వాదన వేరు, వాదులాట వేరు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్మల్ని అడిగారు. చదువు గొప్పదని చెప్పడానికి మేము రాలేదు. ఆ సంగతి మీకు తెలియకపోతే ఈ ఎండలో ఇంతదూరం వచ్చి కూర్చునేవారే కారు. మేము మనవి చేయదలచింది చిన్న విషయం. బడి పుస్తకాల్లోను, ప్రశ్నపత్రాల్లోను మాటిమాటికీ వచ్చే పది పన్నెండు మాటల విషయం.

మేము సాయంత్రం పూట పిల్లలకు పాఠాలు చెబుతుంటాము. ఒకనాడు ఒక కుర్రవాడు తన జవాబు కాగితం తెచ్చి చూపాడు. ఆనకట్టల వల్ల లాభమా, నష్టమా, నీ అభిప్రాయాన్ని సమర్థించు అని ప్రశ్న. వాడు "లాభమే" అని రాసి, అదే ముక్కను మాటలు మార్చి మూడుసార్లు రాశాడు. అయిదు మార్కులకు ఒకటి వచ్చింది. "ఏం నాయనా, ఇంకేమీ తెలియదా?" అంటే తెలుసన్నాడు. సరే, ఉర్దూలో చెప్పమన్నాము. సాగునీరు, కరెంటు, నీట మునిగిన ఊళ్లు, అన్నీ గడగడా చెప్పాడు. మరెందుకు రాయలేదురా అంటే, "సమర్థించడమంటే గట్టిగా చెప్పడమనుకున్నాను సార్" అన్నాడు.

ఇందులో పిల్లవాడి తప్పేముంది? ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఆ మాటకొస్తే తెలుగువాళ్ల ఇళ్లలో మాత్రం వంట చేస్తూ ఎవరైనా "సమర్థించు" అంటారా? ఇవి బడి మాటలు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఇంగ్లీషు మీడియంలో వేసినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. అక్కడ క్లెయిమ్, రీజన్, ఎవిడెన్స్ అని పేర్లు మారతాయి, అంతే.

ముందు చదవడం సంగతి చూద్దాం. కథ చదివేటప్పుడు తర్వాత ఏమైందో అని పరుగెడతాం. సమాచారం చెప్పే పాఠాన్ని అలా చదివితే చేతికేమీ అందదు. మూసీ వరద సంగతే తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. ఇది వాస్తవం. తేదీ చూసి సరిపోల్చుకోవచ్చు. "హైదరాబాదు చరిత్రలో అంతటి దుర్దినం మరొకటి లేదు" అంటే అది అభిప్రాయం. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కుండపోత వాన పడడం, ఎగువన చెరువులు తెగడం కారణాలు. వేల ప్రాణాలు పోవడం ఫలితం. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహామీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇవన్నీ వివరాలు. వీటన్నిటినీ కలిపి "వరద నేర్పిన పాఠంతో నగరానికి రెండు జలాశయాలు వచ్చాయి" అని ఒక్క వాక్యంలో చెబితే అది సారాంశం.

చిన్న మాటలను కూడా చిన్నచూపు చూడరాదు. "అందువల్ల" అని వస్తే వెనుక కారణం చెప్పారన్నమాట, ఇక ఫలితం వస్తుంది. "అయినప్పటికీ" అని వస్తే బండి మలుపు తిరుగుతోందన్నమాట. ఆ మలుపు గమనించని పిల్లవాడు పాఠానికి పూర్తిగా వ్యతిరేకార్థం తీసి కూర్చుంటాడు.

ఇక రాయడం. ఇక్కడ మన పిల్లలు భయపడనక్కరలేదు. వాదించే మాటలు సగం మన ఇళ్లలో ఉన్నవే. దావా, వకీలు, రుజువు, దాఖలా, జవాబు, ఇవన్నీ ఏనాడో తెలుగులో కలిసిపోయాయి. ఇలాంటి మాటలకే సి.పి.బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువు అచ్చువేయించాడు. పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారు (1885-1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు. తెలుగు మనకు పరాయిది కాదు.

అయితే కొంచెం జాగ్రత్త కావాలి. కొన్ని మాటలు ఇల్లు మారగానే అర్థం మార్చుకున్నాయి. ఉర్దూలో ఖులాసా అంటే సారాంశం. తెలుగులో కులాసా అంటే హాయిగా ఉండడం. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాలు అంటే తొడగొట్టి పిలవడం.

పిల్లలు గుర్తుంచుకోవలసినవి నాలుగు మెట్లు. నేను చెప్పేదేమిటి? అది ప్రతిపాదన, మన దావా. ఎందుకు? అది హేతువు, మన దలీల్. ఏం చూపిస్తావు? అది ఆధారం, మన సబూత్. ఎదుటివాడు కాదంటే? అది ఆక్షేపణ, మన ఏతరాజ్. దానికి మర్యాదగా జవాబు చెప్పి ముగించాలి. ఈ నాలుగూ ఉంటే వాదన. మొదటిదొక్కటే ఉండి గొంతు పెరిగితే వాదులాట.

ఒక అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. పది పాసయింది. ఇంటర్ చదువుతానంది. కాలేజీ పక్క ఊళ్లో ఉంది, అబ్బా వద్దన్నారు. ఏడ్చింది, రెండురోజులు అన్నం మానేసింది. మేము చూసి, ఏడవడం మాని ఈ నాలుగు మెట్లూ కాగితం మీద రాయమన్నాము. చదువుకుంటానన్నది ప్రతిపాదన. టీచరు ఉద్యోగానికి అది మొదటి మెట్టు అన్నది హేతువు. వచ్చిన మార్కులు, బస్సు వేళలు, తనతో వెళ్లే మరో ఇద్దరు ఆడపిల్లల పేర్లు ఆధారాలు. "దూరం, పొద్దుపోతుంది" అని అబ్బా చేసే ఆక్షేపణ కూడా తానే రాసి, సాయంత్రం బస్సు ఎన్ని గంటలకు ఊళ్లోకి వస్తుందో కింద జవాబు రాసింది. ఆయన కాగితం రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. మర్నాడు తానే ఆ బస్సెక్కి కాలేజీదాకా వెళ్లి చూసివచ్చారు. పిల్ల ఆ యేడే చేరింది.

కాబట్టి మా మనవి ఇంతే. రోజూ పావుగంట పేపరు చదివించండి. ఒక వార్తలో వాస్తవమేది, అభిప్రాయమేది అని అడగండి. మీకు చదువు రాకపోయినా "ఎందుకు? నీకెలా తెలుసు?" అని అడగడం వస్తుంది కదా! పిల్లలు ఎదురు చెప్పినప్పుడు "నోర్ముయ్" అనకుండా "దలీల్ ఏమిటి?" అనండి. ఇంట్లో కారణం చెప్పడం నేర్చిన పిల్ల పరీక్షలోనూ చెబుతుంది, రేపు ఆఫీసులో అర్జీ పెట్టుకునే రోజునా చెబుతుంది.