చీర మంచిదే, గిరాకీ ఎందుకు పోయింది?

నేను ఎనిమిదో తరగతి చదివినోణ్ణి. సంఘం కౌంటర్లో కూచుని చూసిందే చెప్తాను.

మన బరంపురం పట్టుకి కుంభం అంచు దించడం ఎంత కష్టమో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాళ్ళకే తెలుసు. కొనేవాళ్ళకి అది కనబడదు. చీర ఎలా మడతపెట్టి ఇచ్చాం, ఏం మాట్లాడాం, చెప్పిన రోజుకి ఇచ్చామా, ఇవే కనబడతాయి. వీటిని బట్టే పట్టు మంచిదో కాదో తేల్చేస్తారు. అన్యాయమే, కాదనను.

మన సభ్యుడు నేసిన పెళ్ళి చీర, మగపెళ్ళివారికి జోడు ఒక షాపు ద్వారా పోయాయి. షాపాయన ముహూర్తానికి ముందురోజు రాత్రి ఇచ్చాడు. అంతవరకు ఫోను ఎత్తలేదు. చీరలో ఒక్క పోగు తప్పు లేదు. అయినా పెళ్ళికూతురి తల్లి ఊరంతా ఏమన్నదంటే, “బరంపురం పట్టు ఇదివరకటిలా లేదు” అని. షాపు పేరు ఎక్కడా రాలేదు, పోయింది మన పట్టు పేరు.

ఇంకోటి. చేమగ్గం చీరకి అంచు పక్కన సూదిగుర్తులు ఉంటాయి కదా, బట్ట వెడల్పు తగ్గకుండా బిగించి పట్టే కర్రవి. అమ్మేటప్పుడే చూపించి, “ఇది చేత్తో నేసిందమ్మా” అంటే మురిసిపోతారు. ఇంటికెళ్ళి చూసుకుని, చిరుగులని పట్టుకొచ్చాక అదే మాట చెప్తే సాకు అనుకుంటారు. చీర అదే, గుర్తులూ అవే.

రంగు సంగతీ అంతే. మొదటిసారి డ్రైవాష్‌కే ఇమ్మని తెలుగులోనూ ఒడియాలోనూ చీటీ రాసి మడతలో పెట్టండి. అనుమానపడితే పోగు తీసి కాల్చి చూపించండి. జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. 2004 నుంచి సిల్క్ మార్కు, 2006 నుంచి చేనేత మార్కు ఉన్నాయి, మంచివే. కానీ మార్కు ఫోను ఎత్తదు కదా!

వానాకాలంలో రంగేసిన నూలు ఆరదు. పది రోజులు ఆలస్యమైతే ఆర్డరు తీసుకున్నప్పుడే చెప్పాలి. “రేపు, ఎల్లుండి” అని తిప్పితే వాళ్ళు మరమగ్గం చీర కొనుక్కుంటారు. ఇక్కడ ఆర్డర్లు తగ్గేకొద్దీ మన పిల్లలు సూరత్ మరమగ్గాలకి రైలెక్కుతున్నారు.

అందుకే కార్యవర్గాన్ని ఒకటి అడుగుతున్నాను. కౌంటర్ పని బయటివాళ్ళకి కాకుండా, కండెలు చుట్టే మన ఆడపిల్లలకి జీతమిచ్చి అప్పగించండి. పడుగు, పేక తెలిసినవాళ్ళు, ఏ చీర ఎవరి మగ్గానిదో కూడా చెప్పగలరు. ఫిర్యాదు వస్తే రాసుకోడానికి ఒక రిజిస్టరు పెట్టాం, నెలనెలా మీటింగులో చదవండి.