గీతా ప్రభాకర్ పక్షాన ఎవరు?

కుటుంబాలతో కలిసి కూర్చున్న సాయంత్రం కదా, బ్యాంకు సంగతులు తప్ప ఏవైనా మాట్లాడమన్నారు. అందుకని హత్యల గురించి మాట్లాడతాను. కంగారు పడకండి, సినిమా హత్యలే.

దెయ్యాల సినిమా చూసొస్తే ఆ రాత్రికి లైటు వేసుకుని పడుకుంటాం, తెల్లారితే మరచిపోతాం. 'దృశ్యం' అలా వదలదు. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీసిన కథ. 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో, వెంకటేశ్‌తో మనకొచ్చింది. అందులో భయపెట్టే మనిషే లేడు. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. మన కౌంటర్ ముందు రోజూ నిలబడే కుటుంబమే.

బ్యాంకువాళ్లకి అందులో ఇంకో ముచ్చట ఉంది. రాంబాబు కుటుంబంతో ఊరెళ్లిన మాట నిజం, వాళ్లను చూశామని సాక్షులు చెప్పేదీ నిజం. తేదీ ఒక్కటే అబద్ధం. మనకి మొహం గుర్తుంటుంది గానీ తేదీ గుర్తుండదు. తర్వాత ఎవరో మాటల మధ్యలో ఒక తేదీ అంటే, అదే మన జ్ఞాపకం అనుకుంటాం. వోచరూ సంతకమూ అసలువే అయి, తేదీ ఒక్కటి మారితే ఏమవుతుందో ఆడిట్ చేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అయితే నన్ను పట్టుకున్నది ఆ తెలివి కాదు. చిన్నపిల్ల అనుని పోలీసులు కొడుతుంటే హాలంతా ఒకటే కోరుకుంటుంది, నోరు విప్పకమ్మా అని. అంటే కొడుకు ఏమయ్యాడో ఒక తల్లికి తెలియకూడదని! ఐజీ గీతా ప్రభాకర్, అదే, నదియా వేసిన పాత్ర, దౌర్జన్యం చేసింది, కాదనను. కొడుకూ మంచివాడు కాదు. కానీ పిల్లాడు రాత్రి పదింటికి ఫోనెత్తకపోతే మనం పడే ఆరాటమే ఆమెదీ. ఆమె ఓడిపోవాలని మొక్కుకుని, గెలిచినట్టు బయటికొస్తాం.

ఇలాంటి కథల పట్టు ఇక్కడే ఉందని నా లెక్క. పిల్లల జోలికి వస్తే మనం ఎంతదూరం వెళతామో తెర ముందు కూర్చున్నప్పుడే తెలుస్తుంది. చైనాలో 2019లో ఇదే కథ తీసినప్పుడు చివర్లో తండ్రి నేరం ఒప్పుకుంటాడు. ప్రేక్షకుడు తేలికపడి ఇంటికెళతాడు. మనవాళ్లు ఆ తేలిక ఇవ్వలేదు, నాకు అదే నచ్చింది.

పిల్లలకు చూపించొచ్చా అని ఇందాక ఒకావిడ అడిగారు. పది దాటినవాళ్లకి చూపించండి, పక్కన కూర్చుని. చివర్లో ఆ తల్లిదండ్రులిద్దరూ రాంబాబును కలిసి, మావాడు ఇక వస్తాడా రాడా అని అడిగే చోట మాత్రం రిమోట్ ముట్టుకోకండి.