క్యాజువాలిటీ వరండాలో మన సంఘం ఎక్కడుంది?

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం గురించి, దేవుని న్యాయం గురించి మాట్లాడమన్నారు. చాలా పెద్ద విషయం. మేము దాన్ని ఒక్క వరండాకు కుదించుకుని మాట్లాడతాం. అది పెద్దాసుపత్రి క్యాజువాలిటీ వరండా. అక్కడ ఒక్క రాత్రయినా గడపని కుటుంబం మన సంఘాల్లో దాదాపు ఉండదు.

కొన్నేళ్ల కిందటి మాట. మా సంఘంలో ఒక సహోదరి ఉంది. రోడ్లు ఊడ్చే పని. తాతల కాలంలో పని కోసం ఈ నగరానికి వచ్చిన కుటుంబం. ఒకరోజు తెల్లవారి ఐదున్నరకు మస్టరు దగ్గర ఆమె చేతిలోంచి చీపురు జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. రాత్రి తినలేదేమో, నీరసమనుకుని తోటివాళ్లు సోడా తాగించి ఇంటికి చేర్చారు. ఇంట్లోవాళ్లు మాకు ఫోను చేశారు. "అయ్యగారూ, అమ్మకు ఏదో గాలి సోకినట్టుంది, వచ్చి ప్రార్థన చెయ్యండి" అన్నారు.

మేము వెళ్లాం. తలమీద చెయ్యి పెట్టి అరగంట ప్రార్థించాం. ఈ మాట మీ ముందు ఒప్పుకోవడం మాకు సులువు కాదు. ప్రార్థన తప్పు కాదు. కానీ ముందు ఆమెను బండి ఎక్కించి, బండిలో ప్రార్థించాల్సింది.

తర్వాత ఆటోలో దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళ్తే, ఇక్కడ కాదు, పెద్ద చోటుకు తీసుకెళ్లండన్నారు. ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ముందు అడ్వాన్సు కట్టమన్నారు. ఆమె కొడుకు బంధువులకు ఫోన్లు చేస్తూ మెట్లమీద కూర్చున్నాడు. డబ్బు కుదరలేదు. పెద్దాసుపత్రికి చేరేసరికి తొమ్మిది.

అక్కడ పరిస్థితి మీకు తెలుసు. ఒక్కో మంచం మీద ఇద్దరు, నేలమీద చాపలు. సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డ కూతుళ్లు. స్ట్రెచర్ తోయడానికి మనిషి లేక, తోసే మనిషి దొరికితే అతని చెయ్యి తడపాలి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ముఖం చూస్తే రాత్రంతా కూర్చున్నట్టు లేదు. ఆయన మా సహోదరిని చూసి వెంటనే స్కాన్ రాశాడు. స్కాన్ గది ముందు వరుస మలుపు దాటి ఉంది.

పదిన్నరకు మేము ఓర్చుకోలేక తెలిసిన ఒక నాయకుడికి ఫోను చేశాం. పది నిమిషాల్లో లోపలి నుంచి ఒకతను వచ్చి మా స్ట్రెచర్‌ను ముందుకు లాక్కెళ్లాడు. మాకంటే ముందు ఒక ముసలాయన ఉన్నాడు. తలకు కట్టు, కట్టంతా రక్తం. ఆయన కొడుకు మా వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆ ముసలాయన ఏమయ్యాడో మాకు తెలియదు. మేము తర్వాత వెళ్లి కనుక్కోలేదు కూడా.

స్కాన్ చూసి డాక్టరు, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని అడిగాడు. ఐదున్నరకు అన్నాం. ఆయన గోడమీది గడియారం చూశాడు. పదకొండు దాటింది. మెదడులో రక్తనాళం పూడుకుపోతే ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆలోపు స్కాన్ కావాలి, ఎందుకంటే పూడుకుపోయిందో, నరం చిట్లిందో స్కాన్ లేకుండా తేలదు. పూడుకుపోయిన ప్రతి నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని వైద్యులు లెక్క కట్టారు. మా సహోదరి బతికింది. కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఆ చేత్తోనే ఆమె చీపురు పట్టేది.

అంత్యక్రియల దగ్గర, మంచం పట్టినవాళ్ల దగ్గర మనం ఒక మాట అంటూ ఉంటాం: "దేవుని చిత్తం." ఆ నాలుగున్నర గంటలు ఎక్కడ పోయాయో లెక్క చూసిన తర్వాత ఆ మాట అనడానికి మాకు నోరు రాలేదు.

గర్భిణుల మరణాల మీద పరిశోధన చేసిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో ఒక విషయం తేటగా చెప్పారు. మనిషిని చంపేవి మూడు ఆలస్యాలు. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. అక్కడికి చేరడంలో ఆలస్యం. చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మా సహోదరి విషయంలో మొదటి ఆలస్యం మాది. సంఘానిది, కాపరులమైన మాది. రెండోది దారిది, అడ్వాన్సుది. మూడోది ప్రభుత్వానిది. మూడింటికీ వేర్వేరుగా జవాబు చెప్పాలి. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని దాచకూడదు.

మూడో ఆలస్యం గురించి మన దేశపు అత్యున్నత న్యాయస్థానం ఎప్పుడో మాట్లాడింది. 1992 జూలై 8న పశ్చిమ బెంగాల్లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ మథురాపూర్ స్టేషనులో రైల్లోంచి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం, మెదడులో రక్తస్రావం. ఆ రాత్రి అతన్ని ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఇంకో ప్రభుత్వ ఆసుపత్రికి తిప్పారు. ఒకచోట పడక లేదు, ఒకచోట తగిన సౌకర్యం లేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరి సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. ఒక కూలీకి ఆ రోజుల్లో అది ఎంత డబ్బో ఆలోచించండి. అతని కూలీ సంఘం అతనితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. సమయానికి అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు తేల్చింది. డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదంది. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో ముందే తెలుసుకుని రోగిని నేరుగా అక్కడికి పంపే కేంద్రీకృత సమాచార వ్యవస్థ పెట్టమని కూడా చెప్పింది.

1996 అంటే మీలో చాలామంది పుట్టకముందు. మన ఊరి పెద్దాసుపత్రుల్లో అలాంటి వ్యవస్థ ఎంతవరకు పనిచేస్తుందో ఈసారి వెళ్లినప్పుడు మీరే చూడండి.

ఎందుకిలా ఉంది? డబ్బు సంగతి చూద్దాం. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22 లెక్కల్లో అది 1.84 శాతం. ఆ ఏడాది దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచే పెట్టుకున్నారు. 2014-15లో అది 62.6 శాతం ఉండేది. తగ్గింది, సంతోషం. కానీ ఇంకా నూటికి దాదాపు నలభై రూపాయలు రోగి జేబులోంచే పోతున్నాయి. మెట్లమీద కూర్చుని బంధువులకు ఫోన్లు చేసిన ఆ కొడుకు ఆ నలభైలో ఉన్నాడు.

సరిహద్దుల్లో బతికే మనకు ఇంకో కష్టం ఉంది. యానాం మనవాళ్లు పెద్ద కేసైతే కాకినాడకు పరుగెత్తుతారు. కార్డు పుదుచ్చేరిది, ఆసుపత్రి ఆంధ్రాది. కొరాపుట్, రాయగడ వాళ్లు విశాఖకు వెళ్తారు. పథకం ఒక రాష్ట్రానిది, ప్రాణం ఇంకో రాష్ట్రంలో. అలా కాకుండా చేయడం సాధ్యమే. తమిళనాడు 2021 డిసెంబరులో మొదలుపెట్టిన పథకంలో, అక్కడ రోడ్డు ప్రమాదానికి గురైనవారికి ఏ రాష్ట్రం వారైనా సరే మొదటి 48 గంటలు ఉచిత వైద్యం ఉంది. గుండెపోటుకు, పక్షవాతానికి, కాన్పు కష్టానికి కూడా సరిహద్దు అడ్డు రాకూడదని మనం అడగాలి.

ఇప్పుడు యోహాను సువార్తకు వద్దాం. బేతెస్ద కోనేరు మీకు తెలుసు. అయిదు మంటపాల నిండా రోగులు. నీళ్లు కదిలినప్పుడు ముందుగా దిగినవారికే స్వస్థత అని నమ్మిక. ముప్పై ఎనిమిదేళ్ల నుంచి ఒక మనిషి అక్కడ పడి ఉన్నాడు. అతని ఫిర్యాదు ఏమిటి? నన్ను కోనేటిలో దించడానికి ఎవరూ లేరు అన్నదే. మనిషి అండ ఉన్నవాడు ముందు దిగుతాడు. లేనివాడు పడి ఉంటాడు. స్కాన్ గది ముందు మేము చేసింది అదే. మాకు మనిషి ఉన్నాడు, దిగాం. ఆ ముసలాయనకు ఎవరూ లేరు.

యేసు ఏం చేశాడో చూడండి. ఆ మనిషిని అందరికంటే ముందు కోనేటిలోకి తోసెయ్యలేదు. ఇంకొకరి వంతు లాక్కోలేదు. అందరికంటే వెనకబడినవాడి దగ్గరకు తానే వెళ్లాడు. మేము ఈ భాగాన్ని ఎన్నోసార్లు ప్రసంగించాం. ఆ వరండా చూశాకే అర్థమైంది.

వైద్యంలో దీనికి దగ్గరి పద్ధతి ఒకటి ఉంది. ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్ గాయపడినవారిని హోదా చూడకుండా, గాయం ఎంత తీవ్రమో చూసి వరుస పెట్టాడు. సేనాధిపతి అయినా చిన్న గాయమైతే ఆగాలి. తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల ప్రమాద, అత్యవసర విభాగాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో ఇలాగే విభజిస్తారు. వరుస ఉండటం అన్యాయం కాదు. సిఫారసుతో, డబ్బుతో, కులంతో వరుస మారడం అన్యాయం. అసలు ఇంత పొడుగు వరుస ఉండటం ఇంకా పెద్ద అన్యాయం.

యువతీ యువకులారా, ఇక మనం చేయాల్సిన పని.

మొదటిది మన ఆలస్యాన్ని మనమే తీసేసుకుందాం. ముఖం ఒక పక్కకు వంగినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది గాలి కాదు, పక్షవాతం. నోట్లో ఏమీ పొయ్యకండి. టైము చూసి రాసుకోండి. 108కి ఫోను చెయ్యండి. మీ ప్రాంతంలో ఇరవైనాలుగు గంటలూ స్కాన్ ఉన్న ఆసుపత్రి ఏదో ఈ వారమే కనుక్కుని చర్చి గోడమీద రాయండి. అయ్యగారు ముందు ప్రార్థన చేద్దామంటే, "బండిలో చేద్దాం అయ్యగారూ" అని మీరే చెప్పండి. మాకు కోపం రాదు.

రెండోది చట్టం తెలుసుకోండి. ప్రమాదంలో పడ్డవారికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చెయ్యాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అది ప్రభుత్వ డాక్టరుకూ వర్తిస్తుంది, ప్రైవేటు డాక్టరుకూ వర్తిస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, గాయపడినవారిని సద్బుద్ధితో ఆసుపత్రికి చేర్చినవారికి రక్షణ ఇచ్చింది. మంచి సమరయుడు గాయపడ్డవాడిని పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చుకు కూడా హామీ ఉన్నాడు. మనం కనీసం చేర్చడానికి భయపడనక్కర్లేదు.

మూడోది మన భాషలు. మనం ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో మాట్లాడతాం. పల్లె నుంచి కొత్తగా వచ్చిన రోగికి డాక్టరు మాట అర్థం కాదు. ప్రతి సంఘం నుంచి ఇద్దరిద్దరు రాత్రిపూట ఆ వరండాలో ఉండండి. స్ట్రెచర్ తొయ్యండి, చీటీ చదివి చెప్పండి, రక్తం ఇవ్వండి. ఏ మతం అని అడగవద్దు. కరపత్రాలు పంచవద్దు. ఎవరూ లేరు అన్నవాడికి ఒక మనిషిగా ఉండండి, చాలు.

నాలుగోది లెక్క రాయండి. రోగి ఎప్పుడు వచ్చాడు, డాక్టరు ఎప్పుడు చూశాడు, స్కాన్ ఎప్పుడైంది. సమాచార హక్కు చట్టం కింద అడగండి: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, స్కాన్ యంత్రం ఎన్ని రోజులు చెడిపోయి ఉంది? ఆ కాగితంతో రోగి సంక్షేమ సంఘం దగ్గరకు, ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లండి. కోపం డ్యూటీలో ఉన్న నర్సు మీదా, కుర్ర డాక్టరు మీదా చూపించకండి. వాళ్లు కూడా ఆ వరుసలో నలిగిపోతున్నవాళ్లే.

ఐదోది మాకు మేము పెట్టుకున్న నియమం. ఆ రోజు తర్వాత ఒక్క మనిషి కోసం వరుస దాటించమని ఫోను చెయ్యకూడదనుకున్నాం. ఇది చెప్పడం తేలిక. మన అమ్మే ఆ స్ట్రెచర్ మీద ఉంటే ఎంత కష్టమో మాకు తెలుసు, రేపు మా మాట మేమే తప్పుతామేమో కూడా. అందుకే ఫోను ఇప్పుడే చేద్దాం, అందరి కోసం చేద్దాం. ఇంకో స్కాన్ యంత్రం కోసం, రాత్రిపూట ఇంకో డాక్టరు కోసం, రంగుల వరుస ప్రకారమే లోపలికి పిలవడం కోసం చేద్దాం.

మా సహోదరి ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తింటుంది. ఆదివారం తప్పకుండా వస్తుంది. మేము వెళ్లి కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "అయ్యగారూ, ఆ తలకట్టు పెద్దాయన ఏమయ్యాడో తెలిసిందా?" మేము కనుక్కోని సంగతి ఆమె మరచిపోలేదు.

ఆమెకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. మీరు రాత్రి ఆ వరండాకు వెళ్తే, ఇకమీద కొందరి విషయంలోనైనా జవాబు ఉంటుంది. ప్రభువు మీ కాళ్లకు బలం, మీ నోటికి ధైర్యం ఇచ్చును గాక. ఆమేన్.