పడిన జట్టు, పోయిన జట్టు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



భారతకథ విన్నవారందరికిని పాండవుల పదుమూడవ యేడు జ్ఞాపకముండును. పండ్రెండేండ్ల వనవాసము గడచినది. ఇక మిగిలినది ఒక్క యేడు. ఆ యేడు ఎవరికంటను పడకుండ గడపవలెను. గుర్తింపబడిరా, మరల పండ్రెండేండ్లు అడవికి పోవలసినదే. తిక్కన సోమయాజి తన భారత రచనను ఆ యేటి కథయగు విరాటపర్వముతోనే ఆరంభించెను. వనవాసపు కష్టముకంటె అజ్ఞాతవాసపు భయము పెద్దది. కష్టము కొంతకాలమునకు అలవాటగును. ఉన్న మెట్టునుండి క్రిందికి జారుదుమేమో యను భయము మాత్రము ఏనాటికిని అలవాటు కాదు.

అట్టి అజ్ఞాతవాసమును ఏటేట తమకు తామే విధించుకొన్నవారు లోకములో కొందరు గలరు. వారు ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు క్లబ్బులవారు. కబడ్డీయు, వాలీబాలును తెలిసినంతగా మన పల్లెలలో ఫుట్‌బాలు తెలియదు గనుక ఆ ఏర్పాటును కొంచెము వివరింపవలసియున్నది.

ఇంగ్లండులో ఫుట్‌బాలు లీగు 1888లో ప్రారంభమయ్యెను. 1892లో దానికి రెండవ శ్రేణి ఏర్పడెను. ఇప్పుడు మొదటి శ్రేణిలో 20 క్లబ్బులు గలవు. ఒక్కొక్క క్లబ్బు ఏటికి 38 ఆటలు ఆడును. గెలిచిన 3 పాయింట్లు, సమానమైన 1 పాయింటు, ఓడిన సున్న. సంవత్సరాంతమున లెక్క కట్టినప్పుడు అట్టడుగున నిలిచిన మూడు క్లబ్బులు రెండవ శ్రేణికి దిగిపోవును. అచ్చటినుండి మూడు క్లబ్బులు పైకి వచ్చును. ఈ లెక్కకు పూర్వ ప్రతిష్ఠతో పనిలేదు. తాతలనాటి కప్పులు అలమరలో ఎన్ని యున్నను ఆ యేటి చిట్టాలో అవి జమకు రావు.

దిగిపోవుట యనగా కేవలము అవమానము కాదు. రాబడి తగ్గును. మంచి ఆటగాండ్రు వేరు క్లబ్బులకు పోవుదురు. క్లబ్బు నాశ్రయించి బ్రదుకు చిన్న యుద్యోగులకు పని పోవును. అందుచేతనే అట్టడుగున నున్న క్లబ్బు ఆడు ఆట, అగ్రస్థానమున నున్న క్లబ్బు ఆడు ఆటకంటె ఒక్కొక్కప్పుడు మనస్సును ఎక్కువగా ఆకర్షించును.

లెస్టరు నగరపు క్లబ్బు సంగతి చూడుడు. 2014-15 సంవత్సరమున 29 ఆటలు ముగియునప్పటికి దానికున్నవి 19 పాయింట్లు. స్థానము అట్టడుగు. గట్టెక్కవలెనన్న ఇంకను 7 పాయింట్ల దూరము. మిగిలినవి 9 ఆటలే. ఆ తొమ్మిదింటిలో ఏడు గెలిచి, ఒకటి సమానము చేసి, ఒక్కటి మాత్రమే ఓడి, 22 పాయింట్లు కూర్చుకొని 41 పాయింట్లతో 14వ స్థానమున నిలిచెను. ఆ మరుసటి యేడే ఆ క్లబ్బు దేశమునకంతకును విజేత యయ్యెను. అందరికిని ఈ భాగ్యము పట్టదు. 2007-08లో డెర్బీ క్లబ్బు 38 ఆటలలో ఒక్కటే గెలిచి, 8 సమానము చేసి, 29 ఓడి, 11 పాయింట్లతో దిగిపోయెను.

ఈ డెర్బీ లెక్కకు సరితూగు లెక్క మన రాజధానియగు హైదరాబాదునందే యొకటి గలదు. దానిని చెప్పుటకే ఈ ప్రసంగము.

హైదరాబాదు ఫుట్‌బాలునకు కొత్త ఊరు కాదు. ఒకప్పుడు భారతదేశమంతటను ఆ యాటకు గురుపీఠముగా నుండెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను బడిపంతులు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేపట్టి, 1963లో మరణించువరకు దానిని తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. భారతజట్టునకు సయితము రహీమే శిక్షకుడు. ఆయన శిక్షణలో మనదేశము 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందెను. ఆ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరామ్ సికిందరాబాదు ప్రాంతపు బీద కుటుంబములో పుట్టినవాడు. పోలీసు జట్టులోని ఆటగాండ్రు ఆ శాఖలో ఉద్యోగులు. గెలిచినను ఓడినను నెల తిరుగగనే జీతము వచ్చుచుండెను. ఈ సంగతి తరువాతి కథకు ముఖ్యము.

ఆ వైభవము క్రమముగా తగ్గిపోయెను. అనేక సంవత్సరముల తరువాత, 2019 ఆగస్టులో, హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్ అను పేరుతో ఒక జట్టు ఏర్పడి ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించెను. అది పూణే నగరపు క్లబ్బు స్థానములో వచ్చినది. అనగా పూణేవారు పోగొట్టుకొన్నదే హైదరాబాదువారికి లభించినది. సంతోష సమయమున ఆ మాట నెవరును తలచలేదు.

మొదటి యేడు 18 ఆటలలో రెండే గెలిచి 10 పాయింట్లతో పది జట్లలో పదవదిగా నిలిచెను. తరువాత స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చెను. జట్టు అయిదవ స్థానమునకును, ఆపై రెండవ స్థానమునకును ఎగబ్రాకెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దా మైదానములో కేరళ బ్లాస్టర్స్‌తో అంతిమ పోటీ జరిగెను. ఒక గోలు వెనుకబడియుండియు, ఆట ముగియుటకు కొన్ని నిమిషములు మాత్రమే యున్నపుడు సాహిల్ తవోరా కొట్టిన గోలుతో లెక్క సమానము చేసెను. పెనాల్టీలలో గోలు కాపరి లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటి నడ్డగింపగా 3-1 తేడాతో హైదరాబాదు విజేత యయ్యెను. మరుసటి యేడు సయితము లీగు పట్టికలో రెండవ స్థానము నిలుపుకొనెను.

ఇక 2023-24వ సంవత్సరము. మార్కెజ్ గోవా జట్టునకు వెళ్ళిపోయెను. క్లబ్బు వద్ద సొమ్ము కరవయ్యెను. జీతములు నెలల తరబడి నిలిచిపోయెనని పత్రికలలో ప్రకటితమయ్యెను. పాతబాకీలు తీర్చనందున కొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని అంతర్జాతీయ సంఘము నిషేధము విధించెను. విదేశీయులు ఒక్కరొక్కరే వెళ్ళిపోయిరి; చివరివరకు నిలిచినవాడు బ్రెజిల్ దేశీయుడగు జోవో విక్టర్. 2024 జనవరిలో మన దేశపు ఆటగాండ్రలో పేరుగలవారు సయితము ఇతర జట్లకు తరలిరి. వారిని నిందించుటకు వీలులేదు. క్రీడాకారునికి సయితము ఇల్లు వాకిలి యుండును. ఆడగల వయస్సు కొన్ని యేండ్లే.

మిగిలినవారు ఎక్కువగా కుఱ్ఱవాండ్రు. శిక్షకుడు థాంగ్‌బోయ్ సింగ్‌టో వారితోనే జట్టును నిలిపెను. ఉత్తరకుమారుడు కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తెను. అతనిని పట్టి తెచ్చుటకు బృహన్నల యుండెను. ఈ బాలురకు బృహన్నల లేడు. అయినను రథము దిగలేదు. వారమువారము, ఓటమి తప్పదని తెలిసియు, మైదానమునకు వచ్చిరి. ఆఖరుకు 2024 మార్చిలో చెన్నై నగరమున చెన్నైయిన్ జట్టును 1-0తో ఓడించిరి. ఆ యేటికంతకును అదియే వారి విజయము.

లెక్క ఇట్లు ముగిసినది: ఆటలు 22, గెలుపు 1, సమానము 5, ఓటమి 16. కొట్టిన గోళ్ళు 10, తిన్నవి 43. పాయింట్లు 8. పండ్రెండు జట్లలో పండ్రెండవ స్థానము. రెండేండ్ల క్రిందటి విజేతకు పట్టిన గతి ఇది.

ఇంగ్లండులోనైనచో ఈ క్లబ్బు రెండవ శ్రేణికి దిగియుండును. ఇండియన్ సూపర్ లీగులో ఆనాడు క్రిందినుండి పైకి వచ్చుటకు దారి తెరచియుండెనుగాని, పైనుండి క్రిందికి దింపు నియమము లేదు. కావున హైదరాబాదు జట్టు దిగలేదు. మొదటి చూపునకు ఇది అదృష్టమువలె తోచును. నిజమునకు అదృష్టమేనా?

2024లో యాజమాన్యము చేతులు మారెను. 2024-25లో జట్టు 24 ఆటలలో 4 గెలిచి, 18 పాయింట్లతో పదుమూడు జట్లలో పండ్రెండవదిగా నిలిచెను. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు ఢిల్లీ నగరమునకు తరలి, పేరు మార్చుకొని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యయ్యెను. గచ్చిబౌలి మైదానమున జెండాలు పట్టి కేకలు వేసిన పిల్లలకు తమ జట్టు ఓడినదని కాదు, లేనేలేదని తెలిసినది. పూణేనుండి ఏ త్రోవన వచ్చినదో ఆ త్రోవనే పోయినది.

ఇచ్చట లెస్టరును మరల తలచవలెను. ఆ క్లబ్బు 2008లో మూడవ శ్రేణికి సయితము పడిపోయెను. మరుసటి యేడు లేచెను. 2016లో దేశ విజేత. 2023లో మరల దిగెను, 2024లో ఎక్కెను, 2025లో దిగెను. ఇన్నిమారులు పడినను అది లెస్టరు ఊరిలోనే పడినది, లెస్టరు ఊరిలోనే లేచినది. తండ్రి కూర్చున్న చోటనే కొడుకు కూర్చుండి చూచుచున్నాడు. హైదరాబాదు జట్టు ఒక్కమారైనను దిగలేదు; కాని ఊరు విడిచెను. పడిన జట్టునకు మరుసటి యేడు గలదు. పోయిన జట్టునకు లేదు.

దింపు నియమమొక్కటి యుండినచో అన్నియు చక్కబడియుండునని చెప్పుట న్యాయము కాదు. దిగువ శ్రేణిలోనైనను జీతములు ఈయవలసినదే. సొమ్ములేని క్లబ్బు ఏ మెట్టుమీద నిలిచినను సొమ్ములేనిదే. ఇంగ్లండులో మొదటి శ్రేణినుండి దిగిన క్లబ్బులకు మూడేండ్లవరకు సహాయధనమిచ్చు ఏర్పాటు గలదు. నిచ్చెన వేసినవారు పడువానికి క్రింద గడ్డిమోపు కూడ పరచిరన్నమాట. అయినను ఆ నియమము ఒక మేలు చేయును. పతనమును దాచనీయదు. దిగవలసివచ్చునన్న భయముచేత యజమానియు, శిక్షకుడును, ప్రేక్షకుడును తమ తమ లెక్కలను ముందుగా చూచుకొందురు. బాకీ చూపని ఖాతా లాభము చూపినట్లు కాదు.

మరియొక విచిత్రము గలదు. ఒక హైదరాబాదు జట్టు పై లీగులో అట్టడుగున నిలిచిన 2023-24 సంవత్సరమందే, అదే ఊరి మరియొక జట్టు శ్రీనిధి దక్కన్ దిగువ లీగగు ఐ-లీగులో రెండవ స్థానము పొందెను. అంతకు ముందటి యేడును దానిది రెండవ స్థానమే. మొదటి స్థానము వారికే పైమెట్టు గనుక ఒక్క మెట్టు తక్కువయై క్రిందనే యుండిపోయెను. కప్పు గెలిచిన జట్టు కూలుచుండగా, పేరులేని జట్టు మెట్లెక్కుచుండెను. పత్రికల దృష్టి మాత్రము కూలుచున్న మేడమీదనే యుండెను.

రహీమ్ పంతులు నేర్పిన పాఠమును ఇప్పుడు తలచినచో స్పష్టమగును. ఆయన కాలములో జట్టునకు మూడు ఆధారములుండెను: ఊరి బడులలోను బస్తీలలోను తయారగు బాలురు, నెలనెల జీతమిచ్చు ఉద్యోగము, ఏండ్లతరబడి కదలని గురువు. కప్పులు వాని ఫలములు. కొత్త క్లబ్బునకు ఫలము ముందు వచ్చెను. వేరు దిగుటకు వ్యవధి చాలలేదు. కాయలు చూచి మురిసినవారు మొదట నీరు పోయుట మరచిరి. అందువలననే 2024లో ఒక్క ఆట గెలిచిన ఆ కుఱ్ఱవాండ్రకు కప్పు గెలిచినవారికంటె తక్కువ గౌరవము చేయరాదు. వారు గెలిచినది మూడు పాయింట్లే. కాని పదునొకండుగురు వచ్చి నిలిచిరి గనుకనే ఆ యేడు హైదరాబాదు పేరు పట్టికలో చివరివరకు మిగిలినది.

రజతోత్సవ వేళ ఫుట్‌బాలు గొడవ ఏలయని ఎవరైన అడుగవచ్చును. ఇరువదియైదేండ్లు నిలిచిన గ్రంథాలయమునకు సయితము వర్తించు కథ ఇది. దీనిని దిగువ శ్రేణికి దింపు నియమము ఎచ్చటను లేదు. పాఠకులు తగ్గినను, చందాలు నిలిచినను, అలమరలకు చెదలు పట్టినను, బయట పలక పలకగనే యుండును. పలకను చూచి గ్రంథాలయమున్నదని తృప్తిపడవచ్చును. అదియే ప్రమాదము. దింపువారు లేనిచోట సభ్యులే తమ పట్టికను తాము వ్రాసికొనవలెను: ఈ యేడు ఎన్ని పుస్తకములు ఇంటికి వెళ్ళినవి, ఎన్ని తిరిగి వచ్చినవి, కొత్తగా చదువ వచ్చిన బాలబాలిక లెందరు. ఆ అంకెలు తగ్గిన యేడు సిగ్గుపడవలసిన పనిలేదు. తగ్గినవని వ్రాసికొన్నచో చాలును. వ్రాసికొన్నవానికి మరుసటి యేడు గలదు.

పాండవులు అజ్ఞాతవాసమునుండి గట్టెక్కుటకు ఒక కారణము, వారు దినములు లెక్కించుట మానలేదు. టేకుమట్ల గ్రంథాలయ సభ్యులు స్వర్ణోత్సవమువరకు తమ లెక్కను మానకుందురు గాక. గ్రంథాలయము ఊరియందే యుండును గాక.

స్వస్తి.