బ్లీచింగ్ పౌడరూ, ఆసిడూ

ఎండాకాలంలో ఇడ్లీపిండి తెల్లారేసరికి పొంగి గిన్నె దాటుతుంది, చలికాలంలో కదలనే కదలదు. వేడిని బట్టి రసాయనచర్య వేగం. రాతిసున్నం మీద నీళ్ళు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుతలాడుతుంది, అది చర్యలోంచి పుట్టిన వేడి. ఇవి మనం ఎరిగినవే. కొన్ని చర్యలు వెనక్కి కూడా నడుస్తాయి. అది తెలియకే స్నానాలగదిలో ప్రాణం మీదికి తెచ్చుకుంటాం.

విరిసిన సున్నానికి క్లోరిన్ వాయువు పట్టించి బ్లీచింగ్ పౌడరు చేస్తారు. నీళ్ళలో కలిపితే ఆ క్లోరిన్ చాలావరకు మురికిని విరిచే రూపంలో ఉంటుంది. వాయువు ఆ రూపానికీ, ఆ రూపం వాయువుకూ మారుతూ త్రాసు నిలిచినట్టుంటుంది. దీన్నే సమతాస్థితి అంటారు. దాన్ని కదిపితే, ఆ కదలికను తగ్గించే వైపుకే చర్య సాగుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే 1884లో చెప్పాడు. ఆసిడ్ పోశామా, దాన్ని ఖర్చుచేస్తూ చర్య వెనక్కి మళ్ళి, క్లోరిన్ వాయువై బయటపడుతుంది. రెండూ కలిపితే తెలుపు రెట్టింపవుతుందనుకుంటాం గాని, ఉన్న శక్తీ గాలిపాలే!

1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం వదిలింది ఈ వాయువునే. గాలికన్నా బరువు కనుక కందకాల్లోకి దిగింది. మన స్నానాలగదిలో కిటికీ ఎక్కడో పైనుంటుంది, వాయువేమో కింద, కూర్చుని రుద్దేవారి ముఖం దగ్గర.

మరుగుదొడ్డి కడిగే సీసాల్లో చాలావాటిలో ఉండేది ఆసిడే, సువాసన చూసి మోసపోకండి. పనిమనిషికీ విడమరచి చెప్పండి, తలుపేసుకుని కడిగేది ఆమె గదా. ఘాటు తగిలితే అన్నీ వదిలేసి ఆరుబయటికి రండి. కళ్ళు మండితే ధారగా నీళ్ళతో కడగండి. దగ్గో, ఆయాసమో ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, ఊపిరితిత్తుల బాధ కొన్ని గంటల తర్వాత కూడా ముదరవచ్చు.