జీమెయిల్ నుంచి ఫ్యాక్స్ ఎలా వెళ్తుంది? పంపే ముందు ఇవి చూసుకోండి

టాపిక్ వినగానే "ఈ రోజుల్లో ఫ్యాక్స్ ఏంటి బ్రో?" అనుకుంటారు కదా. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫార్మా కంపెనీల్లో ఎక్స్‌పోర్ట్ పని చూసేవాళ్లు మాత్రం అలా అనరు. ఎందుకంటే అమెరికా ఆస్పత్రులు, జపాన్, జర్మనీలో కొన్ని ఆఫీసులు ఇప్పటికీ ఫ్యాక్స్ వాడుతున్నాయి. సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్స్ చేయండి అంటారు. మన దగ్గరేమో మెషిన్ ఉండదు, ల్యాండ్‌లైన్ కూడా ఉండదు.

ముందు ఒక విషయం క్లియర్‌గా చెప్తా. జీమెయిల్ సొంతంగా ఫ్యాక్స్ పంపలేదు. మధ్యలో ఒక ఫ్యాక్స్ సర్వీస్ కంపెనీ ఉంటుంది. అందులో మీ మెయిల్ ఐడీ రిజిస్టర్ చేసుకోవాలి. తర్వాత "టు" దగ్గర ఫ్యాక్స్ నంబర్, ఎట్ గుర్తు, ఆ సర్వీస్ అడ్రస్ కొట్టి, పీడీఎఫ్ అటాచ్ చేసి సెండ్ నొక్కడమే. వాళ్ల సర్వర్ ఆ పీడీఎఫ్‌ను బ్లాక్ అండ్ వైట్ బొమ్మగా మార్చి, ఫోన్ లైన్ మీద అవతలి మెషిన్‌కి డయల్ చేస్తుంది. ఇది కొత్తదేం కాదు. మెయిల్‌తో ఫ్యాక్స్ పంపడానికి ఐటీయూ 1998లోనే టి.37 అని స్టాండర్డ్ పెట్టింది.

చాలామందికి తేడా కొట్టేది నంబర్ దగ్గరే. సంగారెడ్డి ఎస్టీడీ కోడ్ 08455. మెయిల్‌లో మాత్రం 918455 అని మొదలవ్వాలి. అంటే దేశం కోడ్ పెట్టి, ముందున్న సున్నా తీసేయాలి. జపాన్ అయితే 81, జర్మనీ 49, అమెరికా 1.

రెండోది స్కాన్. ఫ్యాక్స్‌లో మామూలు క్వాలిటీ అంటే అంగుళానికి అడ్డంగా 204, నిలువుగా 98 చుక్కలే. ఫోన్‌తో తీసిన ఫొటోలో నీడ పడితే అక్కడంతా నల్లగా వస్తుంది. స్కాన్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ పెట్టండి, ఫైన్ ఆప్షన్ ఉంటే అదే తీసుకోండి.

మూడోది రసీదు. ఫ్యాక్స్‌లో ప్రతి పేజీకీ అవతలి మెషిన్ "అందింది" అని సిగ్నల్ ఇస్తుంది. అదే మీకు కన్ఫర్మేషన్ మెయిల్‌గా వస్తుంది. సెండ్ నొక్కాను కదా అని వదిలేయకండి. లైన్ బిజీ అయితే ఫెయిల్ అని వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు. అక్కడ లాస్ట్ డేట్ దాటిపోతే మీకే నష్టం. సక్సెస్ అని వచ్చినా, అది మెషిన్‌కి చేరిందనే అర్థం. మనిషి చూశాడా లేదా అన్నది ఫోన్ చేసి అడగాల్సిందే.

ఇక అసలు మాట. మీ పాస్‌పోర్ట్, ఆధార్, మెడికల్ రిపోర్ట్ ఆ మధ్య కంపెనీ సర్వర్‌లోకి వెళ్తున్నాయి. జిరాక్స్ సెంటర్ వాళ్లకి వాట్సాప్ చేస్తే ఫైల్ వాళ్ల సిస్టమ్‌లో ఉండిపోయినట్టే ఇదీ. ఫైల్ ఎన్ని రోజులు ఉంచుతారు, డిలీట్ చేసే వీలుందా అని పంపకముందే చదవండి. ఫ్రీ సర్వీసుల్లో పేజీల లిమిట్, కవర్ పేజీ మీద యాడ్ ఉంటాయి, అవీ చూసుకోండి. ఇంకోటి, కంపెనీ బ్యాచ్ రికార్డులు, ఫార్ములా కాగితాలు సొంత జీమెయిల్ నుంచి అస్సలు పంపొద్దు. సాయం చేద్దామని పంపినా ఉద్యోగం మీదికి వస్తుంది. ఆఫీసు ఐడీ నుంచి, పైవాళ్ల పర్మిషన్‌తోనే పంపండి.

అన్నిటికంటే ముందు అవతలివాళ్లని ఒక్క మాట అడగండి: "మెయిల్‌లో పీడీఎఫ్ పంపితే సరిపోతుందా?" సరే అన్నారంటే ఇదంతా అక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌లో ఫ్రెండ్స్ ఉంటే ఈ వీడియో షేర్ చేయండి.