ఓల్డ్ ట్రాఫర్డ్: ఒక క్రీడాంగణపు చరిత్ర

క్రికెట్ వ్యాఖ్యానములు శ్రద్ధగా వినువారికి ఓల్డ్ ట్రాఫర్డ్ అను పేరు క్రొత్తది కాదు. 1936లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసినది ఆ పేరుగల మైదానముననే. మన సి. కె. నాయుడు గారును ఆ పోటీలో ఆడిరి. కాని నేడు మనము ముచ్చటించుకొనబోవునది ఆ మైదానమును గూర్చి కాదు. దానికి సమీపముననే, అదే పేరుతో, ఫుట్‌బాల్ క్రీడాంగణ మొకటి కలదు. అది మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బునకు 1910 నుండి సొంత యిల్లు.

ఆటగాండ్రు పది పదునైదేండ్లు ఆడి విరమింతురు; యజమానులు మారుదురు; చూడవచ్చు జనము సైతము తరము తరమునకు మారును. నేల మాత్రము నిలిచియుండును. కనుక ఒక క్లబ్బు కథ తెలియగోరువారు గెలుచుకొన్న కప్పులను లెక్కించుటతోనే తృప్తినొందక, అది ఆడిన నేలను గూర్చియు విచారింపవలెను.

ఈ క్లబ్బు పుట్టుక మిక్కిలి సామాన్యమైనది. 1878లో న్యూటన్ హీత్ అను చోట, రైలు పెట్టెలను తయారుచేయు కార్ఖానాలోని పనివారు తమ విరామకాలమున ఆడుకొనుటకు దీనిని స్థాపించిరి. వారి మొదటి మైదానము రైలుదారి ప్రక్కననే యుండెడిది. 1893లో బ్యాంక్ స్ట్రీట్ అను చోటికి మారిరి. అచ్చట చుట్టుపట్ల కర్మాగారముల పొగ క్రమ్ముకొనియుండెడిది. 1902 నాటికి క్లబ్బు అప్పులలో మునిగిపోగా, జాన్ హెన్రీ డేవిస్ అను సారాయి బట్టీల యజమాని ఆదుకొనెను. మాంచెస్టర్ యునైటెడ్ అను పేరు ఆ సంవత్సరముననే వచ్చినది. 1908లో లీగు విజేతగా, 1909లో ఎఫ్. ఏ. కప్పు విజేతగా పేరుపొందిన జట్టునకు ఆ పొగలోని మైదానము తగదని తలచి, ఆయన క్రొత్త క్రీడాంగణమునకై అరువదివేల పౌనులు వెచ్చించెను.

నిర్మాణమునకు నియమితుడైన శిల్పి ఆర్చిబాల్డ్ లీచ్, గ్లాస్గో వాస్తవ్యుడు. 1902లో, ఆయన నిర్మించిన ఐబ్రాక్స్ క్రీడాంగణమున, కొయ్యమెట్లు జనభారమునకు కూలి 25 మంది మరణించిరి. ఆ విపత్తు తరువాత ఆయన కొయ్యమెట్లను విడిచి, గట్టి కట్టడములను ఆశ్రయించెను. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లక్షమంది పట్టునట్లు మొదట తలపెట్టిరి గాని, ఖర్చు మితిమీరుటచే ఎనుబదివేలకు తగ్గించిరి. ఒకవైపున మాత్రమే పైకప్పును, ఆసనములును. తక్కిన మూడు వైపుల జనము ఎండకు, వానకు నిలుచుండి చూడవలసినదే.

1910 ఫిబ్రవరి 19న ప్రారంభపు పోటీ జరిగినది. మొదటి గోలు చేసిన కీర్తి శాండీ టర్న్‌బుల్‌ది; గెలుపు మాత్రము 4–3తో లివర్‌పూల్‌ది. ఆ టర్న్‌బుల్ ఏడేండ్లకు మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సులో నేలకొరిగెను.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పవలెను. ఈ క్రీడాంగణమున అత్యధిక జనము గుమికూడినది యునైటెడ్ ఆటకు కాదు. 1939 మార్చి 25న వుల్వర్‌హాంప్టన్, గ్రిమ్స్‌బీ జట్ల కప్పు సెమీ ఫైనలుకు 76,962 మంది వచ్చిరి. ఆరు నెలలు తిరుగకుండ యుద్ధము ప్రారంభమైనది. సమీపమున ట్రాఫర్డ్ పార్కులో విమానయంత్రములు తయారుచేయు కర్మాగారము లుండుటచే, జర్మను విమానములు ఆ ప్రాంతమును గురిచేసికొన్నవి. 1941 మార్చి 11 రాత్రి పడిన బాంబులకు ప్రధాన కట్టడము ధ్వంసమైనది. ఆటగాండ్రు మైదానములోనికి వచ్చు సొరంగమార్గము మాత్రము మిగిలినది.

అప్పుడు గూడు చూపినవారు ఎవరు? నగరములోని ప్రత్యర్థులైన మాంచెస్టర్ సిటీ వారే. అద్దె తీసికొన్నమాట నిజమే. అయినను ఎనిమిదేండ్లు తమ మెయిన్ రోడ్ మైదానమున చోటిచ్చిరి. 1948 జనవరిలో ఆర్సెనల్‌తో యునైటెడ్ ఆడిన ఆటకు 83,260 మంది వచ్చినదియు ఆ పొరుగింటనే. 1949 ఆగస్టు 24న స్వస్థానమునకు మరలివచ్చి, బోల్టన్ జట్టును 3–0తో ఓడించిరి.

కట్టడము కూలినచో తిరిగి కట్టవచ్చును. పోయిన ప్రాణములను తేలేము. 1958 ఫిబ్రవరి 6న, బెల్‌గ్రేడ్‌నుండి తిరిగివచ్చుచున్న జట్టు విమానము మ్యూనిక్‌లో కూలి 23 మంది మరణించిరి. వారిలో ఎనమండుగురు ఆటగాండ్రు. పదమూడు దినములకు, ఫిబ్రవరి 19న, అనగా క్రీడాంగణపు నలువదియెనిమిదవ జన్మదినమున, షెఫీల్డ్ వెన్స్‌డే జట్టుతో కప్పు పోటీ జరిగినది. ఆనాటి కార్యక్రమపత్రములో యునైటెడ్ ఆటగాండ్ర పేర్లుండవలసిన స్థలము ఖాళీగా ముద్రింపబడినది. ఎవరు ఆడుదురో ముద్రణనాటికి తెలియదు. ఆ ఖాళీకంటె బరువైన శిలాశాసనము వేరొకటి యుండునా? నేడు అచ్చటి గోడపైనున్న గడియారము మ్యూనిక్ పేరును, ఆ తేదీని చూచువారికి జ్ఞాపకము చేయుచున్నది.

1966 ప్రపంచకప్పు పోటీలలో మూడు ఆటలు ఇచ్చట జరిగినవి. తరువాతి పెద్ద మార్పునకు మరల దుఃఖమే కారణము. 1989లో షెఫీల్డ్ నగరపు హిల్స్‌బరో క్రీడాంగణమున తొక్కిడికి గురియై 97 మంది ప్రాణములు కోల్పోయిరి. జస్టిస్ టేలర్ నివేదిక ననుసరించి, పెద్ద క్రీడాంగణములందు అందరికిని ఆసనము లుండవలెనను నియమము వచ్చినది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో చోటు సుమారు నలువదినాలుగువేలకు తగ్గినది. 2006 నాటికి అంతస్తులు పెంచి డెబ్బదియారువేలకు చేర్చిరి.

2025 మార్చిలో క్లబ్బువారు, ప్రక్కననే లక్షమంది పట్టు క్రొత్త క్రీడాంగణమును నిర్మింపదలచితిమని ప్రకటించిరి. 1910నాటి సంకల్పము ఈ విధముగా మరల తలయెత్తినది. పాతదానిని విడుచుట మేలా, బాగుచేసికొనుట మేలా యను చర్చ అభిమానులలో తీవ్రముగా సాగినది. కప్పు కారుచున్న యింటిని ప్రేమకొలది పట్టుకొని వ్రేలాడుమని మనము చెప్పజాలము. అయినను ఐబ్రాక్స్, హిల్స్‌బరో నేర్పిన పాఠమొకటి కలదు: క్రీడాంగణపు గొప్పతనమునకు కొలత లోనికి వచ్చినవారి సంఖ్య కాదు, క్షేమముగా ఇల్లు చేరినవారి సంఖ్య. శిల్పులు ఈ లెక్కను మరువకుందురుగాక. రైలు కార్ఖానా పనివారు ప్రారంభించిన ఆటను చూచుటకు నేటి పనివారును టిక్కెట్టు కొనగలుగుదురుగాక. ఈ రెండును నెరవేరినచో, నేల మారినను ఇల్లు మారినట్లు కాదు.